గడ్డి కోయని మూల

కన్నీళ్ళు ఎరిగిన దేవునికి స్తోత్రం. ఎండ ఇచ్చిన రోజుకూ, మబ్బు కమ్మిన రోజుకూ ఆయనకే స్తోత్రం. ఇంత పెద్ద కృష్ణానదిని కట్టల మధ్య పట్టి ఉంచేదీ, మన ఊపిరిని ఈ చిన్న గుండెలో పట్టి ఉంచేదీ ఆయన చెయ్యే. మేము వేసుకున్న దారిలో ఆయన మాతో ఉన్నాడు. ఆ దారి తప్పినప్పుడూ ఉన్నాడని ఇప్పుడు నమ్ముతున్నాను. ఈ నాలుగు మాటలూ ఆయన నామానికి ఘనత కలగాలనే రాస్తున్నాను.

ప్లాను

ప్రయాణాలకు ప్లాను వేయడంలో నాకు కాస్త పేరుంది. సండేస్కూలు పిల్లలను పిక్నిక్‌కు తీసుకెళ్ళాలన్నా, మా స్త్రీల కూడిక వాళ్ళం కలిసి ఎటైనా వెళ్ళాలన్నా నన్నే అడుగుతారు. నాకు కొన్ని పద్ధతులున్నాయి. ఎండ ఎక్కకముందే బయలుదేరాలి. మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచే కట్టుకెళ్ళాలి, అది పులిహోర అయితే మంచిది. చూడాల్సిన చోట్లు తక్కువ పెట్టుకోవాలి, ఊరికే కూర్చునే చోట్లు ఎక్కువ పెట్టుకోవాలి. కారులో వాదనలు పెట్టుకోకూడదు. వాదన వచ్చేట్టుంటే పాట ఎత్తుకోవాలి.

ఈసారి వీటికి ఇంకొకటి కలిపాను. పాప మాట ఎవరూ ఎత్తకూడదు.

పాప అంటే మా అమ్మాయి స్నేహలత బిడ్డ. ఎనిమిదో నెలలోనే పుట్టి, ఒక్క రాత్రి ఉండి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పెద్దాపరేషను కావడంతో స్నేహ స్పృహలో లేదు. బిడ్డను చూడలేదు. మాలో బిడ్డను గుడికి తీసుకెళ్ళి దేవునికి ప్రతిష్ఠించిన రోజునే పాస్టరుగారు పేరు పెడతారు. అందుకే ఆ పాపకు పేరు లేదు. ఆసుపత్రిలో చేతికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ స్నేహలత' అని మాత్రం ఉంది.

ఇలా పోయిన పసిబిడ్డలను మా వైపు మగవాళ్ళే తీసుకెళ్ళి, గంట కొట్టకుండా, పాట పాడకుండా మట్టి చేసి వస్తారు. తల్లికి ఆ చోటు చూపించరు. చూపిస్తే మనసు అక్కడే ఉండిపోతుందనీ, మళ్ళీ కడుపు పండదనీ పెద్దవాళ్ళ మాట. ఇది లేఖనంలో ఎక్కడా లేదు. అయినా మా అమ్మమ్మ నాటి నుంచీ ఇంతే. మా అల్లుడు ప్రవీణ్, వాళ్ళ బాబాయి కలిసి పాపను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళోనే అని స్నేహకు తెలుసు. పొలంలోనా, కాలవ గట్టునా, సమాధుల తోటలోనా, ఏ మూలన అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇల్లు చేరిన రోజు నుంచి తను అడిగేది ఒక్కటే. "ఎక్కడ పెట్టారు?"

ప్రవీణ్ నా వైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. స్నేహ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. గుడికి రావడం మానేసింది. నెలలు గడిచేకొద్దీ మెడ దగ్గర ఎముకలు బయటపడుతుంటే చూడలేక, డెల్టా అంతా చుట్టి, బందరు సముద్రం చూసి, రెండో రోజున చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా కరకట్ట పట్టుకుని తిరిగొద్దామని ఈ ప్రయాణం పెట్టాను. మనసు మళ్ళుతుందనుకున్నాను.

"బందరు ఏ దారిన?" అంది స్నేహ.

"గుడివాడ మీదుగా. ఉయ్యూరు దారి దగ్గరే గానీ చూడ్డానికేముంది? ఇటైతే కోతలు చూడొచ్చు, పెడనలో అద్దకాలు చూడొచ్చు."

"అయితే వస్తాను."

ప్రవీణ్ వాళ్ళ ఊరు ఆ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. అతనికి అమ్మానాన్నలు లేరు, ఊళ్ళో బాబాయి ఒక్కడే. ఆగే పనేముంది, దాటిపోవడమే కదా అనుకున్నాను.

వన్ టౌన్ సందులో

మేముండేది వన్ టౌన్‌లో, గోడౌన్ల వెనక సందులో. పెందలాడే బయలుదేరాలని నా పద్ధతి గానీ, ఆ సందులో సరుకు దించే వేళ కూడా అదే. కారు స్టార్టు చేసి అందరం కళ్ళు మూసుకున్నాం. మా ఆయన సంఘ పెద్ద. ప్రార్థన టైర్ల దగ్గర మొదలుపెట్టి, బ్రేకుల మీదుగా, ఎదురొచ్చే లారీ డ్రైవర్ల భార్యాబిడ్డల దాకా వెళ్ళారు. వెనక ఒక తోపుడు బండి, దాని వెనక ఆటోలు ఆగిపోయాయి.

"అయ్యగారూ, పైనుంచి సిగ్నలు పడితేగాని బండి కదలదా?" అని అరిచాడు ఆటో అతను.

మా ఆయన కళ్ళు తెరవకుండానే, "వెనకున్న సహోదరుడికి ఓర్పు దయచేయి తండ్రీ, ఆమేన్" అని ముగించారు.

ప్రవీణ్ నవ్వాపుకుంటూ గేరు వేశాడు. నేను పక్కనున్న స్నేహను చూశాను. చిన్నప్పుడైతే వాళ్ళ నాన్న ప్రార్థనలకు సీటు కింద దూరి నవ్వేది. ఇప్పుడు కిటికీలోంచి బస్తాలు మోసేవాళ్ళను చూస్తోంది. ఆమేన్ కూడా అనలేదు.

హనుమాన్ జంక్షన్

ఆకాశం ముసురు పట్టి ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో చెబుతూనే ఉన్నారు. జంక్షన్‌లో లారీలు ఆగే చోట, రోడ్డు పక్క టిఫిను బండి దగ్గర దిగాం. విజయవాడలో పెసరట్టు ఉప్మా తినాలంటే జేబు తడుముకోవాలి. ఇక్కడ యాభై రూపాయలే, అల్లప్పచ్చడి అడిగినంత. బండి ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో అట్లకాడ. మాకు వడ్డిస్తూనే కళ్ళు స్నేహ ప్లేటు మీద పెట్టింది.

"ఏమ్మా, నా పెసరట్టుకు వంకలు పెడుతున్నావా?"

"లేదండీ. బాగుంది."

"బాగున్నదాన్ని ఎవరన్నా అట్టా చించి పక్కకు నెడతారా? పిల్లలెంతమంది తల్లీ?"

మా ఆయన టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. నేను ఏదో ఒకటి అడ్డం చెప్పబోయాను.

"ఒకరండీ" అంది స్నేహ.

"బాబా, పాపా?"

"పాప."

"మరి ఏదీ? ఇంట్లో వదిలొచ్చారా?"

"లేదండీ. వాళ్ళ నాన్నగారి ఊళ్ళో ఉంది."

"పోన్లే. నాయనమ్మ దగ్గరుంటే నెమ్మదిగా ఉంటది. పడుచోళ్ళు, మీరు తిరిగిరండి నాలుగు చోట్లు."

నా పద్ధతుల్లో ఏదీ అక్కడ పనికిరాలేదు. డబ్బులిచ్చి కారు వైపు నడుస్తుంటే ఆవిడ వెనక నుంచి పిలిచి, గాజు సీసాలోంచి ఒక కొబ్బరుండ తీసి, కాగితంలో చుట్టి స్నేహ చేతిలో పెట్టింది.

"పాపకియ్యి. జంక్షన్ అమ్మమ్మ ఇచ్చిందని చెప్పు. దీనికి డబ్బులొద్దు."

స్నేహ రెండు చేతులతో తీసుకుంది. కారెక్కి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"అబద్ధం ఎందుకు తల్లీ?" అన్నాను మెల్లగా.

"ఏది అబద్ధం?"

ముందు అద్దంలో ప్రవీణ్ కళ్ళు కనిపించాయి. వెంటనే రోడ్డు మీదికి తిప్పేసుకున్నాడు.

గుడివాడ దాటాక

మా విజయవాడలో రోడ్డంటే బండ్లకే. ఇక్కడ సగం రోడ్డు ధాన్యానిది. కోత మిషన్లు దిగిన పొలాల నుంచి తెచ్చిన వడ్లు బారులు బారులుగా తారు మీద ఆరబోసి ఉన్నాయి. కార్లు, బస్సులు మిగిలిన సగంలో ఒద్దికగా పోతాయి, ఎవరూ హారన్ కొట్టి గొడవపడరు. అటూ ఇటూ చేపల చెరువులు, వాటి మీద మబ్బు నీడ.

గుడ్లవల్లేరు దగ్గర పడుతుండగా చినుకులు మొదలయ్యాయి. రోడ్డు మీద పెద్దాయన ఒక్కడే నీలం పట్టాతో తంటాలు పడుతున్నాడు. ఒక కొస లాగితే రెండో కొస గాలికి లేచిపోతోంది. ప్రవీణ్ కారాపాడు. మా ఆయన దిగారు, నేనూ దిగాను. చూస్తే స్నేహ అప్పటికే ఒక కొస పట్టుకుని, రాళ్ళు ఏరి దాని మీద పెడుతోంది. వడ్ల మీద చినుకు పడ్డ వాసన మా అందరి చేతులకూ అంటుకుంది.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు పెద్దాయన, మా కారు వెనక అద్దం మీదున్న సిలువ బొమ్మ చూస్తూ. "మా దేవుడికి చెప్పీ చెప్పీ అలిసిపోయా. మీ ఆయనకు కూడా ఓ మాట చెప్పండి, రెండ్రోజులు వాన ఆపమని."

"ఆకాశం ఇద్దరిదీ ఒకటే కదండీ" అన్నారు మా ఆయన.

"అయితే ఇద్దరం కలిసి పోరు పెడదాం." నవ్వాడు గానీ కళ్ళు మబ్బు మీదే ఉన్నాయి. "తడిసిన వడ్లు చూడండమ్మా, మొలకెత్తుతాయి. మొలకెత్తి కూడా ఎందుకూ పనికిరావు."

ఆయన తన పంట గురించి అన్న మాట అది. స్నేహ చేతిలోని రాయిని అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది.

అక్కడి నుంచి కొంత దూరం పోయాక వాళ్ళ ఊరి ఆర్చి వచ్చింది. సిమెంటు స్తంభాలు, వాటి మీద ఎవరో దాత పేరు. ప్రవీణ్ బండి నెమ్మది చేశాడు. స్నేహ అద్దం దించి తల బయటపెట్టింది. చినుకులు ముఖాన పడుతున్నా లోపలికి తీసుకోలేదు.

"పోనివ్వండి బాబూ, వాన పెద్దదయ్యేట్టుంది" అన్నాను.

కారు ముందుకు పోయింది. నేను పాట ఎత్తుకున్నాను. నా గొంతుకు ఎవరూ గొంతు కలపలేదు. ఒక చరణంతో ఆపేశాను.

పెడన, బందరు

పెడనలో అద్దకం పని చేసే ఇంటికి వెళ్ళాం. చెక్క అచ్చును రంగులో ముంచి బట్ట మీద ఉంచి, అరచేతి మొదలుతో ఒక్క దెబ్బ వేస్తారు. పువ్వు పడుతుంది. మళ్ళీ దాని పక్కనే ఇంకో దెబ్బ. ముసురుకు బట్టలు ఆరక పని సగం ఆగిపోయిందని చెప్పారు. స్నేహకు ఒక చీర కొన్నాను. "బాగుందమ్మా" అని మడత విప్పకుండానే సంచిలో పెట్టేసింది.

బందరులో ముందుగా లడ్డూ కొట్టుకే వెళ్ళాం. నెయ్యి వాసన వీధి మొదటికే వచ్చేస్తుంది. కొట్టాయన తూకం వేస్తూ, "ఇంటికి తీసుకెళ్ళి తినడం కాదండి, ఇక్కడ నిలబడి ఒకటి తింటేనే బందరు వచ్చినట్టు" అని మా నలుగురి చేతుల్లోనూ తలా ఒకటి పెట్టాడు. మా ఆయన తనది తిని, స్నేహ చేతిలోది కూడా తిన్నారు.

"నాన్నా, షుగరు."

"నువ్వు తినకపోతే నేనే తినాలి కదా. నా షుగరు పాపం నీదే."

తను చిన్నగా పెదవి కదిపింది, అంతే. ఆ సాయంత్రం మేము దిగిన గెస్టుహౌసు ఆవిడ చెప్పకుండానే చేపల పులుసు వండి పెట్టింది. ఊరు కానివాళ్ళు వస్తే పులుసు లేకుండా పంపడం వాళ్ళింట్లో లేదట. మా సందులో పక్కింటివాళ్ళు ఏం వండుకున్నారో కూడా మాకు తెలియదు. స్నేహ పులుసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని లేచిపోయింది. కొబ్బరుండ పొట్లం మాత్రం మంచం పక్క బల్ల మీద పెట్టుకుంది, చీమలు పట్టకుండా చుట్టూ నీళ్ళు పోసిన పళ్ళెంలో.

మంగినపూడి

మర్నాడు పొద్దున్నే సముద్రానికి వెళ్ళాం. ఇక్కడి ఒడ్డు ఇసుక కాదు, నల్లమట్టి. కాళ్ళకు అంటుకుంటే వదలదు. కొబ్బరి బోండాలమ్మే అతను, "జాగ్రత్తండోయ్, చీర అంచుకు అంటితే మూడు ఉతుకులకు గాని పోదు" అని ముందే చెప్పాడు. అలలకు ఎత్తు లేదు. బూడిదరంగు నీళ్ళు మెల్లగా వచ్చి మెల్లగా పోతున్నాయి. మబ్బుకూ సముద్రానికీ మధ్య గీత కనిపించలేదు.

మా ఆయన నీళ్ళలో దిగారు. స్నేహ, నేను ఒక పడవ వారన కూర్చున్నాం.

"అమ్మా, నువ్వు చూశావు కదా. ఎవరి పోలిక?"

ఈ ప్రశ్న తను ఆసుపత్రిలో కూడా అడిగింది. చెప్పకూడదని పెద్దవాళ్ళ మాట కాబట్టి నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడవన్నీ ఎందుకు తల్లీ? నువ్వు సండేస్కూల్లో విన్న బైబిలు కథే కదా. బిడ్డకు జబ్బు చేసినన్నాళ్ళూ నేల మీద పడి ఏడ్చిన రాజు, బిడ్డ పోయిందని తెలియగానే లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్ళి మొక్కి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. మనం కూడా లేవాలి కదా."

స్నేహ పడవ చెక్కను గోటితో గీకింది.

"రాజు సంగతి రాశారమ్మా. ఆయనకు ఆ బిడ్డ ముఖం తెలుసు. జబ్బుపడ్డ ఏడు రోజులూ ఇంట్లోనే ఉన్నాడు. ఆ తల్లి ఆ పూట తిన్నదో లేదో రాయలేదు."

ఇన్నేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. పిల్లలకు బొమ్మలు చూపించి చెప్పాను, స్త్రీల కూడికలో నిలబడి చెప్పాను. తల్లి దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. వెనక్కి తిరిగితే, ప్రవీణ్ మూడు బోండాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. బోండాలు మా చేతికివ్వడం కూడా మరిచిపోయాడు.

బందరులో చల్లపల్లి దారి చీలే చోట ప్రవీణ్ బండిని పెడన వైపు తిప్పాడు.

"బాబూ, మన దారి అటు కదా."

"తెలుసు అత్తయ్యగారూ."

"మరి?"

"ఆ చోటు మనసులో నేనొక్కణ్ణే మోస్తున్నానండీ. ఇంక నావల్ల కాదు" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వెనక్కి తిరగకుండానే, "పోనీ సువర్ణా" అన్నారు. పోనీ అంటే వదిలెయ్యమనో, వెళ్ళనివ్వమనో నేను అడగలేదు. స్నేహ కాగితం పొట్లాన్ని బ్యాగులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆర్చి లోపల

సమాధుల తోట ఊరి చివర కాలవ గట్టు కింద ఉంది. ముందు వరసల్లో సిమెంటు సమాధులు. ఈస్టరుకు వేసిన సున్నం వానలకు పాచి పట్టింది. వాటి మధ్య గడ్డి శుభ్రంగా కోసి ఉంది. ప్రవీణ్ ఎవరి కోసమూ ఆగకుండా వెనక మూలకు నడిచాడు. అక్కడ ఒక తాటిచెట్టు ఉంది. చెట్టు దగ్గరికి వెళ్ళి, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఇక్కడే. చెట్టుకు ఇటు పక్కన. ఇటుక నిలబెట్టాను."

ఇటుక లేదు. కాలవలో పూడిక తీసినవాళ్ళు ఆ మట్టిని గట్టు మీది నుంచి ఈ మూలంతా పోసి వెళ్ళినట్టున్నారు. దాని మీద మోకాలెత్తున గడ్డి. అతను మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో గడ్డి పాయలు తీసి వెతకసాగాడు. "ఇక్కడే పెట్టానండీ. వాన పడుతోంది ఆ రోజు కూడా. బాబాయి గట్టు మీదే ఉండిపోయాడు. ఇక్కడే." గోళ్ళ నిండా మట్టి. స్నేహ నిలబడి చూస్తోంది.

తల్లికి చూపించకూడదన్న మాటను నేను నెలల తరబడి కాపాడాను. తీరా తీసుకొచ్చాక చూపించడానికి ఏమీ లేదు.

"ఎవరి తాలూకండీ?"

కొడవలి, గడ్డిమోపుతో ఒకావిడ గట్టు దిగి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తలకు చుట్టిన తువ్వాలు మీద చినుకులు నిలిచి ఉన్నాయి. మా ఆయన ప్రవీణ్ వాళ్ళ ఇంటిపేరు చెప్పి, "పసిపాపండీ. చోటు తెలియడం లేదు" అన్నారు.

ఆవిడ మోపు కింద పెట్టింది.

"ఈ మూలంతా చిన్నబిడ్డలేనండి. రాళ్ళుండవు, ఏమీ ఉండవు. మా గేదెలకు తోటంతా నేనే కోసుకుంటా, పాస్టరుగారు కోసుకోమన్నారు. ఈ మూల మాత్రం కొడవలి పెట్టను. మావోడు ఒకడున్నాడు ఇక్కడ. తొలి కాన్పు. ఎక్కడన్నది నాకూ చూపలేదు. మా ఇంటాయన చెప్పకుండానే పోయాడు." కొడవలి మొనతో గడ్డి వైపు చూపించింది. "తెలీదు గదా, అందుకని మూలంతా మావోడిదే అనుకుంటా."

స్నేహ వచ్చి ఆ తడి గడ్డిలో కూర్చుంది. రెండు అరచేతులూ నేలకు ఆనించింది. ఇంకా వెతుకుతున్న ప్రవీణ్ చెయ్యి పట్టుకుని ఆపింది. "చాలు. ఇంక వెతకొద్దు" అంది. అతను ఆమె భుజం మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. అతను ఏడవడం నేను చూడడం అదే మొదలు.

"అమ్మా, ఎవరి పోలిక?"

ఆమె పక్కన కూర్చుని చెప్పాను. "చెవులు నీవే. నీ కుడి చెవి అంచు లోపలికి మడిచినట్టుంటుంది చూడు, అచ్చం అలాగే. గడ్డం మీద సొట్ట ప్రవీణ్ బాబుది. నా వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు."

"జుట్టు?"

"జుట్టు మీ నాన్నది. నాలుగు వెంట్రుకలు."

స్నేహ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి. ఆ నవ్వు వెనకే ఏడుపు వచ్చింది, ఆపడం మావల్ల కాలేదు. గడ్డి ఆవిడ దగ్గరికొచ్చి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవద్దని మాత్రం అనలేదు.

కాసేపటికి స్నేహ పొట్లం విప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. సమాధుల దగ్గర తినుబండారాలు పెట్టడం మా విశ్వాసంలో లేదు. నా ముఖం చూసి తనే అంది, "తెలుసమ్మా, మనం పెట్టం. అందుకే తిందాం." కొబ్బరుండను చితిపి అయిదు ముక్కలు చేసి, మాకూ, ఆవిడకూ ఇచ్చి, తన ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేదాకా నేను కళ్ళు తిప్పుకోలేదు.

"పాప పేరేంటమ్మా?" అంది ఆవిడ.

పేరు పెట్టలేదని చెప్పబోయాను.

"దీవెన" అంది స్నేహ.

ప్రవీణ్ తలెత్తి చూశాడు. ఆ పేరు మాలో ఎవరమూ అంతకుముందు వినలేదు.

"మీవాడి పేరు?" అని స్నేహ అడిగింది.

"ఎక్కడ పెట్టామమ్మా! పురిట్లోనే పాయె. ఇటు వచ్చినప్పుడు ఒరేయ్ అంటా. అంతే."

మా ఆయన ప్రార్థనకు నిలబడ్డారు. సందులో ఆటోలు ఆపేసిన మనిషి, అక్కడ "తండ్రీ" అని మాత్రం అనగలిగారు. మళ్ళీ ఒకసారి "తండ్రీ" అన్నారు. ఆమేన్ అన్నది గడ్డి కోసే ఆవిడ. స్నేహ అనలేదు.

తిరుగు దారి

అవనిగడ్డా చూడలేదు, కరకట్టా ఎక్కలేదు. పెట్టుకున్న చోట్లలో సగం మిగిలిపోయాయి. వచ్చిన దారినే తిరిగొచ్చాం. గుడ్లవల్లేరు దగ్గర మేము కప్పిన పట్టా మీద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. పెద్దాయన కనిపించలేదు. హనుమాన్ జంక్షన్‌లో స్నేహ కారాపమంది. "ఆవిడకు చెప్పాలి, పాపకిచ్చానని." వానకు టిఫిను బండి మూసి, తాడుతో కట్టేసి ఉంది. కాసేపు చూసి బయలుదేరాం.

కుటుంబంతో కారులో వెళ్ళాలనుకునే అక్కచెల్లెళ్ళకు నా పద్ధతులు ఇప్పుడూ చెబుతాను. పులిహోర కట్టుకోండి, పెందలాడే బయలుదేరండి. అయితే కారులో ఉన్నవాళ్ళలో ఒకరి మనసు వెళ్ళాలని కొట్టుకుంటున్న చోటును తప్పించి మాత్రం దారి గీయకండి.

స్నేహ ఇప్పుడు కొంచెం తింటోంది. ఆదివారాలు ఇంకా ఇంట్లోనే ఉంటోంది. ప్రార్థనప్పుడు లేచి పోకుండా మాతో కూర్చుంటోంది గానీ కళ్ళు మూసుకోదు. నేను బలవంతపెట్టడం లేదు.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం ఆగి మాతో ప్రార్థించండి. పోయినవారి కోసం మన సంఘంలో ప్రార్థించం, ఆ బిడ్డలు ఎవరి చేతుల్లో ఉన్నారో మనకు తెలుసు. బిడ్డ చోటు తెలియని తల్లుల కోసం ప్రార్థించండి. గడ్డి కోయని ఆ మూల కోసం, అక్కడికి వెళ్ళి పేరు లేని కొడుకును ఒరేయ్ అని పిలిచే తల్లి కోసం ప్రార్థించండి. మా ఇంట్లో దీవెన అనే పేరు పైకి పలకడం ఇప్పుడే నేర్చుకుంటున్నాం, మా కోసం ప్రార్థించండి. ప్రార్థన ముగిశాక ఆమేన్ అని గట్టిగా అనండి. మా అమ్మాయి నోటికి ఆ మాట తిరిగొచ్చేదాకా, ఆమె బదులు మీరు అనండి.